వరమ్మ కాలు

పాట అయిపోయింది. జీవిత కీబోర్డు ముందు నుంచి వెనక్కి తిరిగి తల్లి మొహం చూసింది. మెచ్చుకుంటుందనుకుంది. పోయిన మొగుడి గిటారు మళ్లీ చెవిన పడ్డాక కళ్లనీళ్లు పెట్టుకుంటుందని కూడా అనుకుంది.

వరమ్మ చెవులకున్న హెడ్‌ఫోన్లు ఊడబెరికి మంచం మీదికి విసిరింది.

"ఎవురి కాలే ఇది?" అంది.

"కాలేందిమా? గిటారు గదా."

"గిటారు సంగతి నాకు తెలుసు. తీగను గుంజిన కాలు ఎవురిదని అడుగుతాండా."

ఆ పాటలో ఎవరి కాలూ లేదు. ఎవరి చెయ్యీ లేదు. ఉన్నదంతా కంప్యూటరే.

కడపలో జీవిత ఇంటికి వంటింటి వెనకాల ఒక సామాన్ల గది ఉండేది. బస్తాలూ డబ్బాలూ మిద్దె మీదికి చేర్చి, గోడలకు పాత బొంతలు వేలాడదీసి, దాన్ని ఆమె స్టూడియో చేసుకుంది. రాయచోటి నుంచీ వేంపల్లె నుంచీ క్రైస్తవ గీతాలు పాడేవాళ్లు వచ్చి పాడి పోతే, తబలా నుంచి వయొలిను దాకా తక్కినవన్నీ ఆమె కంప్యూటర్లోంచే తీసి కలుపుతుంది. ఈసారి వచ్చిన పని మాత్రం పుట్టింటిది. వేంపల్లె అవతల వాళ్ల ఊరి చర్చికి నూరేండ్ల జూబిలీ. అన్న నెహెమ్యా సంఘానికి కార్యదర్శి. కరువు రోజుల్లో నాయన కట్టిన వానపాట ఆ రోజు మళ్లీ వినిపించాలన్నాడు, అదీ నాయన స్టీలు గిటారుతోనే. నాయన పోయి ఆరేండ్లయింది. అటక మీదున్న గిటారును చెదలు తినేశాయి.

"కంప్యూటర్లో చేసెయ్‌మ్మా," అన్నాడు నెహెమ్యా, మధ్యాహ్నం అన్నం కాస్త వేడి చేసిపెట్టమన్నట్టు.

చెయ్యి పెట్టాక గానీ చిక్కు తెలియలేదు. మీట నొక్కితే స్టీలు గిటారు మోగుతుంది, అది కష్టం కాదు. ఏ దేశంలోనో ఎవరో ఒక్కొక్క తీగనూ మీటి దాచిపెట్టిన సౌండు అది. అయితే నాయన గిటారులో రెండు తీగలు కలిసి మోగుతుంటే ఒకటి ఉన్నచోటే ఉండేది, రెండోదాని స్వరం దాని పక్కనుంచి పైకి ఎక్కేది. కీబోర్డు మీద స్వరం పెంచే చక్రం తిప్పితే రెండూ కలిసి ఎక్కుతున్నాయి, ఒక గొర్రె కదిలితే మంద కదిలినట్టు. జీవిత ఏ తీగకు ఆ తీగను విడదీసింది. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క పాత క్యాసెట్టును పదేపదే వింటూ, అందులో తీగ ఎక్కడ మొదలై ఎంత వేగంగా ఎక్కిందో చూసి, ఆ ఎక్కడాన్ని తెర మీద చుక్క చుక్కగా గీసింది. పప్పు మాడింది. పాలు పొంగి పొయ్యిలోకి పోయాయి. "మీ నాయన బతికొచ్చి నేర్పిచ్చినా ఇంతకంటే బిన్నా, ఇన్ని దినాలు పట్టకుండా, అయ్యేదేమో," అని మొగుడు యేసుప్రసాద్ ఎగతాళి చేశాడు. చివరికి క్యాసెట్టునూ తన పాటనూ పక్కపక్కన పెట్టి వింటే ఏది ఏదో తనకే తెలియనంతగా కుదిరింది.

ఇప్పుడు అమ్మ కాలు ఎవరిదని అడుగుతోంది.

"క్యాసెట్టులో ఎట్లుందో అట్లే దించినానుమా. రవ్వంత తేడా ల్యా."

"అదే నేను చెప్పేది. నువ్వు దించింది దావీదురాజు కాలు!"

ఆ గిటారు కథ ఊరందరికీ తెలిసిందే. ఊళ్లో పనిచేసిన తెల్లదొర ఒకాయన వెళ్లిపోతూ తన స్టీలు గిటారును నాయన ఏసేపుకు ఇచ్చిపోయాడు. ఒళ్లో పడుకోబెట్టుకుని, ఎడమచేత్తో ఇనప కడ్డీ జరుపుతూ కుడిచేత్తో మీటే వాద్యం. దొర దగ్గరి రికార్డులో కాలితో తొక్కితే తీగ ఎక్కే గిటారు ఒకటి ఉండేది. ఏసేపు మనసు దాని మీద పడింది. వేంపల్లెలో వెల్డింగు షాపు అతన్ని పట్టుకుని, సైకిలు బ్రేకు వైరుతో తీగను గుంజే ఏర్పాటు చేయించాడు. తొక్కడానికి కావలసింది ఇంట్లోనే ఉంది. వరమ్మ కుట్టుమిషను కింది ఇనప పలక.

చిక్కల్లా కూర్చునే దగ్గర వచ్చింది. వేదిక మీద అందరూ జంఖానా పరుచుకుని బాసింపట్టు వేసుకుని కూర్చుంటారు. కుర్చీ పాస్టరు అయ్యగారికి ఒక్కరికే. కాళ్లు మడిచి ఒళ్లో గిటారు పెట్టుకున్నవాడు దేనితో తొక్కుతాడు? వరమ్మ తొక్కుతుందన్నారు. కానీ వేదిక మీదికి ఆడవాళ్లు ఎక్కే ఆచారం లేదు. అందుకని బ్రేకు వైరుకు వైరు కలిపి పొడుగు చేయించి, వేదిక అంచు మీదుగా కిందికి, ఎడమ పక్క ఆడవాళ్ల చాపల దాకా లాగారు. శనివారం సాయంత్రం వరమ్మ తన మిషను పలక విప్పి, తువ్వాల్లో చుట్టి, చంకన పెట్టుకుని చర్చికి మోసేది. ఆదివారం ఆరాధన అయ్యాక తెచ్చి మళ్లీ బిగించుకుంటేనే సోమవారం ఊరివాళ్ల రవికెలు కుట్టేది.

నాయన పైన మీటేవాడు. అమ్మ కింద తొక్కేది. ఇందులో దాచింది ఏమీ లేదు, అందరూ చూసిందే. ఏసేపు గిటారు అనేవాళ్లు. వరమ్మ పలక తెచ్చిందా అని అడిగేవాళ్లు.

"క్యాసెట్టు చేసేకి కర్నూలు పోయినప్పుడు నువ్వు కడుపులో ఉండావు," అంది వరమ్మ. "నెలలు నిండినాయి, జీపు ఎక్కొద్దన్నారు. దావీదురాజు వస్తాడులే, తొక్కేదే గదా, ఎవురు తొక్కితే ఏమన్నారు. ఆ పొద్దు వాడు తొక్కినాడు. బండికి బ్రేకు కొట్టినట్ల టక్కున తొక్కినాడు. పాటంతా ఎగిరెగిరి పడ్తాది. దాన్నే గదే నువ్వు చుక్కచుక్కా దించి నా చెవుల్లో పోసినావు!"

క్యాసెట్టు అట్ట మీద పేర్లు జీవితకు చిన్నప్పటి నుంచీ కంఠతా వచ్చు. పాట, స్టీలు గిటారు ఏసేపు. పెడలు దావీదురాజు. ఆ దావీదురాజే ఇప్పుడు సంఘపెద్ద, తనకు మామ వరస.

"ఒక్క పూట తొక్కినాడని వానికి అచ్చులో పేరు," అంది వరమ్మ. "పెండ్లయినకాడ్నించి మీ నాయన చేతికి వణుకు వచ్చేదాకా నేను తొక్కితిని. నాది పలక మోసే పని."

అప్పుడు జీవితకు ఒక విషయం గుర్తొచ్చింది. ఇంట్లో ఆ క్యాసెట్టు పెట్టినప్పుడల్లా అమ్మ లేచి పెరట్లోకి పోయేది. పని ఉంది కాబోలు అనుకునేది తను. నాయన వాయించడం మానేసేనాటికి జీవిత బడిలో చేరింది అంతే. ఆమె చెవిలో మిగిలింది క్యాసెట్టే.

ఆమెకూ కోపం వచ్చింది. ఇన్నాళ్ల కష్టం ఒక్క మాటతో బూడిదైపోయింది.

"మోకాలి వైద్యమని వచ్చి నా ఇంట్లోనే ఉండావు గదమ్మా! ఇన్ని దినాలుగా పక్కగదిలో చెనక్కాయలు ఒలుచుకుంటా వింటానే ఉండావు. ముందే చెప్పేకి నోరు రాల్యా?"

"నువ్వు అడిగితివా?"

జీవిత మంచం మీది హెడ్‌ఫోన్లు అందుకుంది.

"మీ అన్నను అడిగితివి. ఫోను చేసి ఆ దావీదురాజును అడిగితివి, మామా ఆ పొద్దు ఎట్ల వాయిచ్చిరి మామా అని. పక్కగదిలో నేను సచ్చినానా?"

వరమ్మ కుంటుకుంటూ వంటింట్లోకి పోయింది. కాసేపు గిన్నెలు చప్పుడు చేశాయి. ఏ గిన్నెనూ పెట్టాల్సినట్టు పెట్టలేదు ఆమె. జీవిత గుమ్మంలో నిలబడి విని విని, చివరికి తనూ వెళ్లింది.

"ఎట్ల తొక్కేదానివి? చెప్పు."

"చెప్తే వచ్చేదయితే నువ్వు గీసిన గీతలకే వచ్చుండు."

"అయినా చెప్పు."

వరమ్మ పొయ్యి మీది అన్నం గిన్నె చూపించింది. "గంజి ఎట్ల వారుస్తావు? గబుక్కున వంచితే మెతుకంతా పోతాది. మూత అదిమిపట్టుకొని మెల్లగా వంచి, సగంలో ఆపి, గంజి దారి చూసుకున్యాక పూర్తిగా వంచుతావు. అట్ల. మీ నాయన గొంతు సాగినాక తొక్కల్ల. సగంలో ఆగల్ల. మళ్లీ తొక్కల్ల."

జీవిత తల్లిని స్టూడియోకు తీసుకొచ్చి, మంచం కింద నుంచి కాలి పెడలు ఒకటి బయటికి లాగింది. సౌండు పెంచడానికీ తగ్గించడానికీ కీబోర్డుకు పెట్టేది అది. సౌండు బదులు అది ఒక్క తీగనే ఎక్కించేలా కంప్యూటర్లో మార్చింది. తల్లిని కుర్చీలో కూర్చోబెట్టి కాలి కింద పెట్టింది. వరమ్మ తొక్కగానే పెడలు టైల్స్ మీద జారి గోడ దాకా పోయింది.

"ఇదేం పెడలే, ఎలుక మాదిరి పారిపోతాది!"

వెనకాల రుబ్బురోలు పొత్రం అడ్డం పెట్టారు. జీవిత మీటింది. వరమ్మ తొక్కింది. బాగాలేదు. మళ్లీ మీటింది. ఇంకా బాగాలేదు. వాచిన మోకాలు వంగడం లేదు, సగంలో ఆగాల్సిన కాలు ఆగడం లేదు.

"నాకు నీ యీపు కనపడ్తాది. యీపును చూసి ఎట్ల తొక్కేది?"

"మరి దేన్ని చూసేదానివి?"

"మీ నాయన ఎడమ భుజం. కడ్డీ జరిపే ముందర భుజం రవ్వంత దిగేది. అప్పుడు తొక్కేదాన్ని."

కీబోర్డు ఎత్తి అడ్డంగా తిప్పింది జీవిత. మళ్లీ మీటింది.

"భుజం ఎత్తుతావేమే? దించు."

"నాకు కీబోర్డు వాయించేటప్పుడు భుజం దిగదు."

"దిగకుంటే నేను తొక్కను."

"తొక్కకుంటే పో. దావీదురాజు మామనే పిలుస్తా."

అనకూడని మాట. వరమ్మ మొహం నల్లబడింది. కాలు పెడలు మీద పెట్టి, పళ్లు బిగించి, "మీటు," అంది.

జీవిత మీటింది. ఎందుకో భుజం దిగింది. బహుశా సిగ్గుతో కావచ్చు. తీగ కదిలింది, సగం ఎక్కి ఆగింది. ఆ ఆగినచోట ఊపిరి పట్టినట్టయింది. తర్వాత మిగతా సగం ఎక్కి పక్క తీగను చేరుకుంది. గదిలో ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

"ఇంగోసారి," అంది వరమ్మ. అది విని మళ్లీ తప్పు పట్టింది. "తొక్కినాక ఇది సావదేమే? అట్లనే మోగుతాంది. తీగ అన్నాక సావల్ల."

"కంప్యూటరుదిమా. మీట నొక్కినంతసేపు మోగుతానే ఉంటాది. నేనే సంపల్ల." జీవిత సౌండు మెల్లగా సన్నగిల్లి ఆరిపోయేలా ఒక బటను పెట్టింది. వరమ్మ విని తల ఊపింది.

జూబిలీకి రికార్డు చేసిన పాట వద్దు, మేమిద్దరం అక్కడే వాయిస్తామని జీవిత ఫోనులో చెబితే నెహెమ్యా మొదట సంతోషించాడు. తర్వాత అనుమానం వచ్చింది.

"అమ్మ యాడ కూచ్చుంటాది?"

"నా పక్కన. పెడలు వైరు రెండు మూరలే ఉండాది."

"అంటే వేదిక మీదనా?"

"నన్ను ఎక్కనిస్తాండారు గదా, అమ్మను ఎక్కనిచ్చేకేమి?"

"నువ్వంటే కంప్యూటరు పనికి. అది వేరే. పెద్దలు ఏమంటారో..." ఫోనులో కాసేపు ఎవరితోనో గుసగుసలాడాడు. "దావీదురాజు మామ ఈడనే ఉండాడు. వదినకు మోకాళ్ల నొప్పి గదా, నేను తొక్కుతాలే, అలవాటు ఉండేదే అంటాండాడు."

జీవితకు కళ్లు ఎర్రబడ్డాయి. "అన్నా, ఆ మాట ఇంగోసారి నా చెవిన పడితే పాటా లేదు, ఏమీ లేదు. కంప్యూటరు మూసి పడుకుంటా."

"అట్ల కోపం చేసుకుంటే ఎట్లమ్మా? సరే, అమ్మనే తొక్కనీ. వైరు పొడుగుది నేను తెస్తాలే. ఇరవై మూరలది దొరుకుతాది. అమ్మ ఎప్పుడూ కూచ్చునే తావులోనే కూచ్చుంటాది. ఎవురికీ ఇబ్బంది ల్యా."

జీవితకు సైకిలు బ్రేకు వైరు గుర్తొచ్చింది. అదే వైరు. ఆ రోజు సైకిలుది, ఈ రోజు కరెంటుది.

"అమ్మను పైకి ఎక్కిస్తేనే వస్తాం," అని పెట్టేసింది.

వింటున్న వరమ్మ చేతిలోని చేట కింద పెట్టింది. "నన్ను పైకి ఎక్కించమని నిన్ను ఎవురు అడిగినారే?"

"అదేందిమా? నీ కోసమే గదా కొట్లాడ్తాండేది!"

"మళ్లీ అడగకుండానే చేస్తాండావు. ఆ మెట్లు ఎక్కేకి నాకు కాళ్లు రావు. వాళ్ల జంఖానా మీద వాళ్ల మధ్యన ముడుక్కోని కూచ్చునే ఖర్మ నాకేమి? నా చాప నాకుండాది. వైరు పొట్టిదయితే నువ్వే కిందికి రా."

జూబిలీ ఆదివారం చర్చి నిండిపోయింది. వేదికకు రంగు కాగితాలు కట్టారు. నెహెమ్యా తెచ్చిన పొడుగు వైరు ప్లాస్టిక్ కవరు విప్పకుండానే మైకు స్టాండుకు వేలాడుతోంది. జీవిత దాన్ని చూసీ చూడనట్టు పోయి, కీబోర్డూ కంప్యూటరూ ఎడమ పక్క ఆడవాళ్ల చాపల మధ్యకు మోయించింది. ఇద్దరు ముసలమ్మలు గొణుక్కుంటూ జరిగి చోటిచ్చారు. వరమ్మ గోడకు ఆనుకుని పొట్టి పీట మీద కూర్చుంది. పెడలు వెనక పొత్రం పెట్టారు. కడప నుంచి బస్సులో దాన్ని సంచిలో మోసుకొచ్చింది జీవిత. శనివారం సాయంత్రాల్లో చంకన ఇనుము పెట్టుకుని నడిచిన మనిషి, బస్సు కిటికీ పక్కన కూర్చుని, ఈసారి ఉత్తచేతులతో వచ్చింది.

"చెల్లెలా, ఇదేం పని? వేదికంతా బోసిపోయింది," అని నెహెమ్యా వంగి గొంతు తగ్గించి అన్నాడు.

"అమ్మ కూచ్చునే తావు మార్చొద్దని నువ్వే అంటివి గదన్నా. మార్చల్యా."

నెహెమ్యా పెదవులు బిగించి మెట్లెక్కి మైకు అందుకున్నాడు. ముందు వరసలో తెల్లబట్టలేసుకుని కూర్చున్న సంఘపెద్ద దావీదురాజు కండువా సర్దుకున్నాడు.

"స్వర్గస్థులైన మా నాయన ఏసేపు గారు రాసిన వానపాట. ఆయన వాయించిన స్టీలు గిటారును ఈ దినం కంప్యూటరు ద్వారా మళ్లీ వినబోతున్నాం. ఆ రోజుల్లో పెడలు తొక్కి సహకరించిన పెద్దలు దావీదురాజు గారు మన మధ్యన ఉండడం మన ధన్యత."

చప్పట్లు కొట్టారు. దావీదురాజు సగం లేచి దండం పెట్టాడు.

జీవిత తల్లి వైపు చూసింది. వరమ్మ ఎవరినీ చూడలేదు. కూతురు ఎడమ భుజం వైపే చూస్తోంది. జీవిత చెయ్యి కంప్యూటరు మీదికి పోయింది. తీగ సన్నగిల్లి చచ్చేలా తను పెట్టిన ఆ బటనును ఆపేసింది.

నెహెమ్యా పాట ఎత్తుకున్నాడు. నాయన గొంతు కాదు గానీ, నాయన గొంతుకు దగ్గరిది. మొదటి చరణంలో గొంతు సాగినచోట జీవిత భుజం దిగింది, వరమ్మ కాలు వంగింది. తీగ సగం ఎక్కి ఆగి, మళ్లీ ఎక్కింది. కుడిపక్క మగవాళ్లు ఒక్కరొక్కరే మెడలు తిప్పారు. వేదిక మీద చూడడానికి ఏమీ లేదు. ఆ సౌండు ఎక్కడినుంచి వస్తోందో చూడాలంటే వాళ్లు ఆడవాళ్ల వైపు తిరగాలి. క్యాసెట్టు విన్నవాళ్లకు ఇది వేరే పాటలా ఉంది. అంతకు ముందునుంచీ ఆ చర్చిలో ఉన్న ముసలమ్మలు మాత్రం గొణగడం మానేశారు. ఒకామె పక్కామె మోచేతిని పొడిచి, "ఇది వరమ్మది," అంది.

చివరి చరణం అయింది. చివరి తీగను జీవిత మీటింది, వరమ్మ తొక్కింది. తీగ పైకి వెళ్లి అక్కడ నిలిచింది.

"ప్రార్థన చేద్దాం," అన్నాడు నెహెమ్యా మైకులో, కళ్లు మూసుకుంటూ.

తీగ మోగుతూనే ఉంది. నెహెమ్యా కళ్లు తెరిచాడు. ఇనప తీగ అయితే ఈపాటికి ఆరిపోయేది. ఇది ఆరలేదు. జీవిత మీట మీద వేలు తియ్యలేదు. వరమ్మ పెడలు మీద కాలు తియ్యలేదు. స్పీకర్లు రెండూ ఒకే స్వరాన్ని, మిట్టమధ్యాహ్నం బండల మీద ఎండ మాదిరి, తగ్గకుండా పోస్తున్నాయి. కళ్లు మూసుకున్నవాళ్లంతా తెరిచారు. చంటిబిడ్డ ఒకటి ఏడుపు అందుకుంది.

"ఆపమ్మా జీవితా," అన్నాడు దావీదురాజు ముందు వరస నుంచి. "పాట అయిపాయ గదా."

"అయిపోల్యా మామా."

"వదినా, నువ్వన్నా చెప్పు. కాలు తియ్యి."

వరమ్మ మొదటిసారి భుజం మీద నుంచి చూపు తిప్పింది. "ఎవురి కాలప్పా తియ్యాల్సింది?" అంది. మైకు లేకపోయినా ఆ గొంతు కిటికీల దాకా వినిపించింది. "తొక్కింది నువ్వని ఇప్పుడే చెప్పిరి గదా, నీ కాలే తియ్యి."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆడవాళ్ల వైపే. దావీదురాజు చేతులు మోకాళ్ల మీద పెట్టుకున్నాడు, తన కాళ్లను తనే దాచుకుంటున్నట్టు.

తీగ మోగుతోంది. నెహెమ్యా చెల్లెలి వైపు చూశాడు. ఆమె భుజం రాయిలా ఉంది. తల్లి వైపు చూశాడు. తర్వాత మైకు స్టాండుకు వేలాడుతున్న ఆ విప్పని వైరు వైపు చూశాడు, ఎటూ చూడలేక.

"తొక్కింది..." అని గొంతు సవరించుకున్నాడు. "ఇప్పుడూ, అప్పుడూ తొక్కింది మా అమ్మ. వరమ్మ."

"గట్టిగా చెప్పు నాయనా," అంది వరమ్మ. "మొగోళ్ల తట్టు వినపల్యా."

నెహెమ్యా మళ్లీ చెప్పాడు. ఈసారి వినపడింది.

అప్పుడైనా ఆమె టక్కున కాలు ఎత్తలేదు. దావీదురాజు మొహం మీంచి చూపు తిప్పకుండా, సగం ఎత్తి, ఆపి, తీగను అక్కడ కాసేపు నిలబెట్టి, తర్వాత, జీవిత వేలు మీట మీద నుంచి లేస్తుండగా, మిగతా సగం వదిలింది.